ప్రొజెక్టరు కుడి తలుపు

గన్నమ్మ అసలు పేరేమిటో ఆ వీధిలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం కూడా ఎవరికీ రాలేదు. చేతిలో స్ప్రే గన్ను, మగాడిలా పొట్టిగా కత్తిరించిన జుట్టు, ఎదుటివాడు నోరు తెరిచేలోగా తగిలించే చురక. మనిషిని గుర్తుపట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి? పాత కుట్టు మిషను, పాత కాటా, పాత టేబుల్ ఫ్యాను, ఇనుముతో చేసింది ఏదైనా సరే, తుప్పు పట్టి ఆమె షెడ్డుకి వచ్చేది, అద్దమై బయటికి వెళ్ళేది. అద్దమని మాటవరసకి అనడం లేదు. పెయింటు ఆరాక ఆమె దినపత్రికని దాని ఎదురుగా పట్టుకుని, లోపల కనిపించే అక్షరాలని చూసేది. సంతాప ప్రకటనల్లోని సన్న అక్షరాలు కూడా వంకర పోకుండా కనిపిస్తేనే సరుకు గుమ్మం దాటేది. లేకపోతే ఎవరెంత మొత్తుకున్నా వినేది కాదు.

"ఇంకో వారం పడుతుంది. ఆగలేకపోతే బ్రష్షు కొనుక్కుని మీరే పూసుకోండి" అనేది.

నిజం చెప్పుకోవాలంటే గన్నమ్మ క్షమించే రకం కాదు. ఇరవై రెండేళ్ళ వయసులో ఒక పగ పట్టింది. నలభై ఒకటి వచ్చినా దించలేదు. మధ్యలో పెళ్ళి సంబంధాలు వచ్చాయి, పోయాయి. అద్దె షెడ్డు సొంత షెడ్డు అయింది. పగ మాత్రం పెట్టిన చోటే ఉంది. అది పరాయివాడి మీద అయితే ఎప్పుడో చల్లారేదేమో. సొంత మేనమామ మీద.

మామయ్య అంటే ఆ రోజుల్లో ఎనామిల్ పనికి పెట్టింది పేరు. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. తండ్రి లేని పిల్ల ఇంట్లో కూర్చుని ఏం చేస్తుందని, పదిహేనో ఏట ఆమెని షెడ్డుకి తీసుకెళ్ళి గన్ను చేతికిచ్చింది ఆయనే. నేల మీద నీళ్ళు చల్లి దుమ్ము అణచడం, పెయింటు డబ్బాని వేడినీళ్ళ గిన్నెలో కూర్చోబెట్టి పల్చబరచడం, పాత మేజోడులోంచి వడకట్టడం, గన్నుని జానెడు దూరంలో పట్టుకుని మణికట్టు తిప్పకుండా భుజంతో నడపడం, మొదటి కోటు తుంపరలా వేసి అది వేలికి అంటీ అంటనట్టు అయ్యేదాకా ఓపిక పట్టి అప్పుడు తడి కోటు వెయ్యడం, అన్నీ ఆయన నేర్పినవే. ఆ సంగతి గన్నమ్మ ఎప్పుడూ కాదనలేదు. కాదనలేకపోవడం వల్లే ఆమె ఒళ్ళు ఇంకా మండేది.

పంతొమ్మిదేళ్ళ క్రితం ఒక సినిమా హాలు ప్రొజెక్టరు మామయ్య షెడ్డుకి వచ్చింది. నిలువెత్తు మనిషంత ఉంటుంది. దాని దీపం పెట్టెకి రెండు వైపులా రెండు ఇనప తలుపులు. ముదురు ఆకుపచ్చ వెయ్యమన్నాడు హాలు ఓనరు. కుడి తలుపుకి పెద్ద సొట్ట ఉంటే దాన్ని తీయించడానికి రేకుపని మేస్త్రి దగ్గరికి పంపారు. ఎడమ తలుపు గన్నమ్మకి అప్పగించారు. పొద్దున్నే కొట్టింది. అలవాటైన చెయ్యి, అలవాటైన పని. పది నిమిషాలు తిరిగేసరికి తడి పెయింటు అక్కడక్కడ గుండ్రంగా పక్కకి జరిగిపోయి, ఆవగింజంత గుంటలు తేలాయి. ఒకటా రెండా, తలుపు నిండా. సరిగ్గా అప్పుడే హాలు ఓనరు లోపలికి వచ్చాడు.

"ఇదేంటి మేస్త్రీ, మశూచి మచ్చల్లాగా?" అన్నాడు.

నూనె తగిలితే పెయింటు ఇలా విడిపోతుందని షెడ్డులో అందరికీ తెలుసు. ఆ నూనె ఎక్కణ్ణించి వచ్చిందన్నదే ప్రశ్న. వారం రోజుల నుంచీ గన్నమ్మ నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతూనే ఉంది. గన్నుకి గాలి కొట్టే కంప్రెసర్ ట్యాంకు కింద కుళాయి తిప్పితే నీళ్ళతో పాటు నూనె కూడా కారుతోంది, లోపల రింగులు అరిగిపోయాయి, గాలితో పాటు నూనె గన్నులోకి ఎక్కుతోందని. "నువ్వు నాకు పాఠాలు చెప్పేదానివయ్యావా?" అని కొట్టిపారేశాడు మామయ్య. ఇప్పుడు ఓనరు ఎదురుగా నిలబడి ఉంటే, నా కంప్రెసర్ పాడైందని ఎలా ఒప్పుకుంటాడు? రెండడుగులు వేసి వచ్చి, గన్నమ్మ జడని రెండు వేళ్ళతో పట్టుకుని, చచ్చిన ఎలకని ఎత్తినట్టు పైకెత్తి చూపించాడు.

"ఇదిగో బాబూ, ఇదీ కారణం. బుర్ర నిండా నూనె పోసుకుని గన్ను పడితే గుంటలు పడక ముత్యాలు రాలతాయా? ఆడపిల్లకి పని నేర్పాను చూడండి, నాదే బుద్ధి తక్కువ."

షెడ్డులో ఆరుగురు మగాళ్ళున్నారు. అందరూ నవ్వారు. లేత్ మేస్త్రి అయితే పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు. టీ గ్లాసులు తెచ్చిన అత్తయ్య గుమ్మంలోనే ఆగిపోయి, నేల చూపులు చూసింది. మామయ్య గన్నమ్మ చేతిలోంచి గన్ను లాక్కుని, "ఇంటికెళ్ళి కూర్చో, రేపట్నించి రాకు" అన్నాడు. అంతే, ఏడేళ్ళ పని ఒక్క మాటతో పోయింది. ఆ తర్వాత ఆమెని ఏ షెడ్డువాళ్ళూ గడప తొక్కనివ్వలేదు. "నూనె జడ" అన్న పేరు ఆమెకన్నా ముందు వెళ్ళి అక్కడ కూర్చునేది.

దీనికన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఆ రోజు పొద్దున ఆమెని ముందు కూర్చోబెట్టుకుని, తలకి నూనె రాసి జడ వేసింది అమ్మే. సంగతి విని అమ్మ కూలబడిపోయింది. "నా చేత్తో నేనే నీ నోట్లో మట్టి కొట్టానే" అంది. ఒకసారి అని ఊరుకోలేదు. నాలుగేళ్ళ క్రితం కన్నుమూసేదాకా అంటూనే ఉంది. కంప్రెసర్ సంగతి గన్నమ్మ ఎన్నిసార్లు చెప్పినా, "మా తమ్ముడు అబద్ధం ఆడడమ్మా, వాడికి పని తెలుసు" అనేది. ఏమో, అమ్మ అన్నట్టే అయి ఉంటుందా అని గన్నమ్మకి కూడా లోపల ఎక్కడో అనుమానం. నూనె నూనే కదా. ఆ అనుమానంతోనే జుట్టు కత్తిరించుకుంది. ఈ పంతొమ్మిదేళ్ళలో తలకి ఒక్క చుక్క నూనె తగలనివ్వలేదు.

అలాంటి గన్నమ్మ షెడ్డు ముందు, ఒక రోజు పొద్దున్న, ట్రాలీ ఆగింది. దాని వెనకే పళ్ళ డాక్టరుగారు కారు దిగాడు. ప్రాక్టీసు మానేసిన పెద్దమనిషి. పాత సామాను పిచ్చి. తన ఇంటి కింది అంతస్తంతా పాత యంత్రాలతో నింపి, జనానికి చూపించడానికి ప్రదర్శనశాల పెడుతున్నాడు.

"సినిమా హాలు పడగొడుతుంటే తుక్కులో దొరికిందమ్మా. ప్రాణం పొయ్యాలి దీనికి" అన్నాడు టార్పాలిన్ లాగేస్తూ.

గన్నమ్మకి చూడగానే తెలిసిపోయింది. ఆకుపచ్చ వెలిసి, అంచుల్లో తుప్పు పొంగి, ఒక చక్రం ఊడి ఉన్నా అదే ప్రొజెక్టరు. కుడి తలుపు మూల మామయ్య షెడ్డు పేరుతో చిన్న రేకు బిళ్ళ ఇంకా రివెట్లతో బిగించి ఉంది. ఆమె బిళ్ళ మీది దుమ్ము తుడిచింది. చుట్టరికం సంగతి మాత్రం బయటపెట్టలేదు.

"ఒక చిన్న కోరిక" అన్నాడు డాక్టరు. "ఏదో ఒక తలుపు మీద, అందరికీ కనిపించేచోట, అరచెయ్యంత మేర పాత పొరలన్నీ వరసగా తేలేలా వదిలెయ్యండి. ఇనుము దగ్గర్నించి పైదాకా. దీని చరిత్ర జనం చూడాలి."

"చరిత్రకేం డాక్టరుగారూ, గీకితే అదే వస్తుంది" అంది గన్నమ్మ.

ఎడమ తలుపు మీద గీకే ధైర్యం ఆమెకి లేకపోయింది. అక్కడ తన పెయింటు ఉంది, తన గుంటలున్నాయి. కుడి తలుపు తీసింది. చెక్క ముక్కకి వాటర్ పేపరనే గరుకు కాగితం చుట్టి, నీళ్ళలో ముంచి, గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టింది. ఇలా రుద్దితే పొరలు ఒకదాని చుట్టూ ఒకటి వలయాల్లా తేలతాయి. నడిమధ్య ఇనుము మెరిసింది. దాని చుట్టూ ప్రైమరు ఎరుపు. ఆ చుట్టూ ఒక ఆకుపచ్చ. ఆ చుట్టూ బూడిదరంగు పూత. అన్నిటికన్నా బయట మళ్ళీ ఆకుపచ్చ. రెండు ఆకుపచ్చలెందుకున్నాయా అనుకుంటూ తుడిచింది. లోపలి ఆకుపచ్చలో బూడిదరంగు చుక్కలు కనిపించాయి. దుమ్మేమో అనుకుని థిన్నరు గుడ్డతో తుడిచింది. పోలేదు. భూతద్దం తెచ్చింది.

అవి చుక్కలు కావు, గుంటలు. గుండ్రంగా, ఆవగింజంత. వాటిలోకి పైన కొట్టిన బూడిదరంగు పూత దిగి, నిండి, గట్టిపడింది. ఒకటా రెండా, అరచెయ్యంత మేరలో ముప్పై లెక్కపెట్టింది.

గన్నమ్మ బోర్లించిన డబ్బా మీద కూర్చుండిపోయింది. ఈ తలుపు ఆమె ముట్టుకోనేలేదు. ఆమెని గెంటేసిన నాటికి ఇది రేకుపని మేస్త్రి దగ్గర ఉంది. తర్వాత వచ్చింది. వట్టి ఇనుము మీద మొదటి నుంచీ కొట్టింది మామయ్యే, ఎందుకంటే ఆమె పోయాక ఆ షెడ్డులో గన్ను పట్టేవాడు ఆయన తప్ప ఇంకెవడూ లేడు. పైగా ఆకుపచ్చలో చిటికెడు నీలం కలిపే అలవాటు ఆయనది. లోపలి పొరలో ఆ నీలపు ఛాయ కూడా ఉంది. అంటే ఏమిటి? ఆమె లేదు. ఆమె జడ లేదు. అమ్మ రాసిన నూనె లేదు. అయినా అవే గుంటలు ఆయన చేతి కింద కూడా పడ్డాయి. పడ్డాక ఆయన వాటిని బూడిదరంగు పూతతో పూడ్చి, కంప్రెసర్ బాగుచేయించుకుని, పైన నున్నగా మళ్ళీ కొట్టుకున్నాడు. గెంటేసిన కొద్ది రోజులకే ఆయనకి నిజం తెలిసింది.

గన్నమ్మా వాళ్ళ ఇల్లు మామయ్య షెడ్డుకి మూడు సందుల అవతల. ఒక్కసారి వచ్చి, "అక్కా, నీ నూనె వల్ల కాదు" అంటే సరిపోయేది. రాలేదని కాదు, వచ్చేవాడు. పదిహేనేళ్ళ పాటు వారం వారం వచ్చి, అమ్మ చేతి కాఫీ తాగి, "నీకు తెలియక చేశావులే అక్కా, బాధపడకు" అని ఓదార్చి మరీ వెళ్ళేవాడు.

ఆ ఓదార్పు గుర్తొచ్చేసరికి గన్నమ్మ చేతిలోని చెక్క ముక్క గోడకి తగిలి రెండు ముక్కలైంది. పంతొమ్మిదేళ్ళుగా ఆమెలో ఉన్నది కోపం. ఆ క్షణాన దానికి సాక్ష్యం దొరికింది. గన్ను లాక్కున్నందుకు కాదు, జడ ఎత్తి చూపించినందుకు కూడా కాదు. అమ్మని ఆ మాటతోనే పోనిచ్చినందుకు ఆయన్ని వదలకూడదనుకుంది. ఏ నోటితో నలుగురిలో అన్నాడో, ఆ నోటితోనే నలుగురిలో కాదని అనిపించాలి.

దారి డాక్టరుగారే చూపించాడు. వారం తర్వాత పని చూడడానికి వచ్చి, రేకు బిళ్ళ మీద చెయ్యి వేసి, "ఈ మేస్త్రిగారు ఇంకా ఉన్నారటమ్మా. ప్రారంభం రోజున పిలిచి సన్మానం చేద్దామనుకుంటున్నాను. పాపం, చూపు పోయి ఆరేళ్ళయిందట. అయినా పెయింటుని గోటితో రాసి చూసి చెప్పేస్తారట" అన్నాడు.

"తప్పకుండా పిలవండి. ఆ షెడ్డులో పనిచేసిన పాతవాళ్ళు ఇంకా ఉన్నారు. లేత్ మేస్త్రి, వెల్డరు, అందర్నీ పిలవండి. ఇళ్ళెక్కడో నేను చెబుతాను" అంది గన్నమ్మ.

"మీది ఎంత పెద్ద మనసమ్మా!" అన్నాడు డాక్టరు. పళ్ళు చూసినంత బాగా మనసులు చూడడం ఆయనకి రాదు.

ఆ నెల రోజులూ గన్నమ్మ చేసినంత మంచి పని ఆమె కూడా ఎన్నడూ చేసి ఉండదు. ప్రొజెక్టరుని ఏ మరకి ఆ మర విప్పి, తుప్పు ఒలిచి, పుట్టీ రుద్ది, కుడి తలుపు మీద ఆ అరచెయ్యంత మేర వదిలి మిగతాదంతా కొత్తగా కొట్టింది. రోజూ పొద్దున్నే కంప్రెసర్ కుళాయి తిప్పి, వచ్చిన నీళ్ళని తెల్ల కాగితం మీద పట్టి, నూనె మరక ఉందేమో చూసుకునేది. గాలి ఆడని వేళ చూసుకుని, తలుపులు మూసి, నేల తడిపి, ఊపిరి బిగబట్టినట్టు నడిచేది. గన్ను మీట తలుపు అంచు దాటాకే వదిలేది. ప్రతి వరసా కింది వరసని సగం కప్పుకుంటూ పోయేది. పని చేస్తూ మామయ్యతో మాట్లాడేది. చూడండి, బాగా చూడండి, ఎవరిదీ పచ్చ, ఎవరివీ గుంటలు? ఆ ఊహల్లో ఆయన ప్రతిసారీ వంగి, కళ్ళు చికిలించి చూసేవాడు, చూసి తెల్లబోయేవాడు.

చివర్లో ఆ అరచెయ్యంత మేర మిగిలింది. నున్నటి తలుపు మధ్య మెట్లు మెట్లుగా, గరుగ్గా ఉంది. మధ్యలో వట్టి ఇనుము, వదిలేస్తే ఏడాదిలో తుప్పు లేస్తుంది. ఆమె చేతిలోంచి పోయిన సరుకు మీద తుప్పా? క్లియర్ తీసుకుంది. రంగు లేని ఆ పూతని పల్చగా కొట్టడం, ఆరనివ్వడం, వాటర్ పేపరుతో రుద్దడం, మళ్ళీ కొట్టడం. ఎనిమిది కోట్లు వేసింది. మెట్లన్నీ మునిగిపోయి, తలుపంతా ఒకే అద్దమైంది. అద్దం కింద వలయాలు, వలయంలో ముప్పై చుక్కలు, అన్నీ ఇంతకు ముందుకన్నా స్పష్టంగా కనిపించాయి. దినపత్రిక పట్టి చూసుకుంది. సన్న అక్షరాలు కూడా కదల్లేదు. తృప్తిగా నిట్టూర్చింది.

ప్రారంభం ఆదివారం పదకొండు గంటలకి. డాక్టరుగారి ఇంటి కింది హాల్లో పెద్ద కిటికీల్లోంచి ఎండ ప్రొజెక్టరు మీద పడుతోంది. ముప్పై మంది దాకా వచ్చారు. లేత్ మేస్త్రి ముసలివాడైపోయాడు, వెల్డరు చెవికి మిషను పెట్టుకున్నాడు. మామయ్య అత్తయ్య భుజం పట్టుకుని వచ్చాడు. అమ్మ పోయాక గన్నమ్మ ఆయన్ని చూడడం ఇదే. చొక్కాలో మనిషి సగమే ఉన్నాడు. ఆమె గోడ పక్కకి జరిగి నిలబడింది.

డాక్టరు ఆయన చెయ్యి పట్టుకుని ఎడమ తలుపు మీద పెట్టాడు. మామయ్య చిటికెన వేలి గోటిని తలుపు మీద పైనుంచి కిందికి, అడ్డంగా, అంచుల దాకా నడిపించాడు. ఆయన మొహం మారిపోయింది.

"ఎవరిదయ్యా ఈ చెయ్యి? అంచు దగ్గర కూడా మందం పెరగలేదు. ఇది భుజంతో నడిచే చెయ్యి. మణికట్టు తిప్పే బాపతు కాదు."

"గన్నమ్మగారని, మన ఊళ్ళోనే..." డాక్టరు చెప్పబోయాడు.

అత్తయ్య ఆయన చెవి దగ్గరికి వంగి, "మీ అక్క కూతురండీ" అంది.

మామయ్య గొంతు పెంచాడు. "అదీ! మా మేనకోడలు! అనుకుంటూనే ఉన్నాను. నేను నేర్పిన పని ఎక్కడికి పోతుంది? పదిహేనో ఏట గన్ను పట్టించింది నేనే బాబూ!"

జనం చప్పట్లు కొట్టారు. గన్నమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళ కష్టాన్ని కూడా ఆయన ఒక్క ఊపులో తన ఖాతాలో వేసేసుకున్నాడు.

"కుడి తలుపు కూడా చూడండి మామయ్యా" అంది.

ఆ గొంతు వినగానే మామయ్య తల ఇటు తిప్పాడు. డాక్టరు నడిపించిన వైపు నడిచాడు. చిటికెన వేలు తలుపు మీద వాలింది. పై నుంచి కిందికి జారింది. వలయాల మీదికి వచ్చింది, వాటిని దాటిపోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. ఎక్కడా ఆగలేదు.

"అబ్బ! ఏం నునుపే ఇది! ఒక్క గుంట కూడా లేదు" అన్నాడు మామయ్య.

అప్పుడు తెలిసింది గన్నమ్మకి తను చేసిన పని. గుడ్డివాడికి చూపించడానికి గుంటలు దొరికితే, వాటి మీద అద్దం పోసింది! ఊహల్లో ఆయన ఎప్పుడూ చూస్తూనే ఉన్నాడు గానీ, తడుముతూ ఒక్కసారైనా కనిపించలేదు. గరుకుగా వదిలేసి ఉంటే ఆ గోరు గుంటలో పడి ఆగిపోయేది. వదల్లేకపోయింది, ఎందుకంటే గరుకుని వదలకూడదని ఆయనే నేర్పాడు. తన చెయ్యి తనే నరుక్కోవాలనిపించింది.

కానీ హాల్లో కళ్ళున్నవాళ్ళు ముప్పై మంది ఉన్నారు. చప్పట్లు ఆగిపోయాయి. లేత్ మేస్త్రి కళ్ళజోడు తగిలించుకుని, తలుపు దగ్గరికి వచ్చి, వంగి, చాలాసేపు చూశాడు. ఆ పనిలో ముసలివాడైన మనిషి. ఎవరూ విడమర్చి చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"ఈ తలుపు రేకు మేస్త్రి దగ్గర్నించి నేనే మోసుకొచ్చాను" అన్నాడు నెమ్మదిగా. "అప్పటికి ఈ పిల్ల షెడ్డులో లేదు."

"ఏంట్రా? ఏమైంది? ఎందుకందరూ ఊరుకున్నారు?" మామయ్య గొంతులో చిరాకు, దాని వెనక కొద్దిగా భయం.

చెబుదామని గన్నమ్మ ముందుకి వచ్చింది. అంతలో అత్తయ్య, ఏ రోజూ నలుగురిలో నోరెత్తని అత్తయ్య, అంది.

"గుంటలు కనిపిస్తున్నాయండీ. మీ పచ్చలో. బూడిదరంగు పూత కింద మీరు పూడ్చిన గుంటలు."

"గుంటలా? గోటికి తగల్లేదే!"

"పైన క్లియర్ కొట్టాను మామయ్యా. కింద అలాగే ఉన్నాయి. ముప్పై. అందరూ చూస్తున్నారు" అంది గన్నమ్మ.

మామయ్య చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. మళ్ళీ తడమబోయి ఆపేశాడు. ఏం తడిమినా నునుపే.

"కంప్రెసర్ విప్పి రింగులు మార్చిన రోజున బోల్టులు పళ్ళెంలో పట్టుకుని నిలబడింది నేనే" అంది అత్తయ్య. "వెళ్ళి మీ అక్కతో చెప్పండి అన్నాను. తర్వాత చూద్దాంలే అన్నారు."

"అయితే మీకూ తెలుసన్నమాట" అంది గన్నమ్మ. అత్తయ్య ఆమె కళ్ళలోకి చూడలేకపోయింది. చూడనవసరం లేదు కూడా. ఆ లెక్క వేరే ఉంది, ముందు ఇది తేలాలి. "మీరు చెప్పండి మామయ్యా. ఆ రోజు గుంటలు దేనివల్ల పడ్డాయి?"

మామయ్య పెదవులు కదిలాయి. ఏదో గొణిగాడు.

"వినపడలేదు. ఆ రోజు ఎంత గట్టిగా అన్నారో అంత గట్టిగా అనండి. ఆ రోజు విన్నవాళ్ళు ఇక్కడే ఉన్నారు."

"పెద్దాయనమ్మా, పోనీలెండి..." అని డాక్టరు అడ్డం రాబోయాడు.

"మీరు చరిత్ర అడిగారు డాక్టరుగారూ. వినండి."

"కంప్రెసర్ నూనె" అన్నాడు మామయ్య. ఈసారి హాలంతా వినిపించింది. "తల నూనె కాదు. కంప్రెసర్ నూనె. నాలుగో రోజునే నాకు తెలిసింది."

"అమ్మ సంగతి కూడా చెప్పండి."

"అక్క..." అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "అక్క రాసిన నూనె వల్ల కాదు. అక్క తప్పేం లేదు."

ఈ మాట వింటే ఏదో అవుతుందని గన్నమ్మ పంతొమ్మిదేళ్ళు అనుకుంది. గుండె బరువు దిగుతుందని, ఏడుపొస్తుందని. అలాంటిదేం జరగలేదు. వినాల్సిన మనిషి లేదు. ఆ మనిషి పోయిన నాలుగేళ్ళకి ఈ మాట వచ్చింది, తెచ్చినవాడు ఈయన. ఆమెకి మరింత మండింది.

సన్మానం ఎలా మొదలుపెట్టాలో తెలియక డాక్టరు పక్క గదిలోకి వెళ్ళి ఏదో వెతకసాగాడు. జనం మిగతా యంత్రాల వైపు జరిగారు. మామయ్య మాత్రం తలుపు వదల్లేదు. చిటికెన వేలు మళ్ళీ ఆ చోటే తిరుగుతోంది, దానిష్టం వచ్చినట్టు.

"ఎన్ని కోట్లు వేశావే?" అన్నాడు చిన్నగా.

"ఎనిమిది." చెప్పకూడదనుకుంటూనే చెప్పేసింది.

"మెట్టు తగలకుండా ముంచేశావు. నా జన్మలో నేనిలాంటి పని చెయ్యలేదు." మెచ్చుకోలు నిజమైనదే. ఇరవై రెండేళ్ళ వయసులో ఈ మాట కోసం ఆమె ప్రాణం ఇచ్చేది. "ఏం కంప్రెసర్ వాడుతున్నావ్?"

ఈసారి ఆమె కిటికీ వైపు తిరిగింది.

"షెడ్డు అమ్మేశాక గన్ను చప్పుడు విన్లేదు. ఇంట్లో ఊపిరాడ్డం లేదే. నీ షెడ్డుకి వస్తాను. నిన్నేం అడగను. ఓ మూల స్టూలు వేస్తే కూర్చుంటాను, పెయింటు వాసన తగిలితే చాలు. నీకేదైనా అనుమానం వస్తే గోటితో చూసి పెడతాను" అన్నాడు మామయ్య. ఆ గొంతులో నటన లేదు. ఆయన దేని కోసమైనా బతిమాలడం గన్నమ్మ అంతవరకూ వినలేదు.

ఆమె దగ్గరికి వచ్చి, ఆయన చేతిని తలుపు మీంచి తీసి, మెల్లగా పక్కన పెట్టింది.

"రావద్దు మామయ్యా. నా షెడ్డులో గాలి శుభ్రంగా ఉంది" అంది.

మామయ్య అత్తయ్య భుజం కోసం గాలిలో వెతుక్కుంటుంటే, లేత్ మేస్త్రి వచ్చి ఆ చేతిని ఆమె భుజం మీద పెట్టాడు. ముగ్గురూ గుమ్మం దాటేదాకా గన్నమ్మ చూస్తూ నిలబడింది. ఎక్కడ జాలి వేస్తుందోనని ఒక్క క్షణం భయపడింది. వెయ్యలేదు. జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి, కుడి తలుపు మీద పడ్డ ఆయన వేలిముద్రలు తుడిచేసింది.